తోకకి వేసిన పట్టీ చెవి విరిచింది: ఒక అంబాసిడర్ సెల్ఫ్ మోటార్ కేసు

బండి అంబాసిడర్ మార్క్ 2, 1972 మోడల్. ఇంజన్ కంపెనీ నుంచి వచ్చినదే, 1489 సీసీ పెట్రోల్. యజమాని చీపురుపల్లి వైపు ఉండే రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన విజయనగరంలో నా షెడ్డుకి వచ్చింది సెల్ఫ్ మోటార్, అంటే ఇంజన్‌ని తిప్పి స్టార్ట్ చేసే మోటార్ కోసం కాదు. బండి కింద ఆయిల్ కారుతోందని వచ్చారు.

ముప్పై ఏళ్లుగా ఆటో ఎలక్ట్రికల్ పనిలో ఉన్నవాణ్ని. ఎవరు బానెట్ ఎత్తినా నా చూపు ముందు బ్యాటరీ మీదకి, తర్వాత సెల్ఫ్ మీదకే పోతుంది. "సెల్ఫ్ ఎలా ఉంది మాస్టారూ?" అని నేనే అడిగాను.

"ఒకోసారి కొడుతుంది, ఒకోసారి గీరుతుంది. పాత బండి కదా నాయనా, దానికీ మూడ్ ఉంటుంది," అన్నారు నవ్వుతూ.

బండికి మూడ్ ఉందని ఎవరైనా అన్నారంటే, ఏదో ఒకటి వదులుగానో వంకరగానో ఉందని నేను మనసులో రాసుకుంటాను. కూర్చోబెట్టి టీ ఇచ్చి అడిగితే కథంతా బయటికి వచ్చింది. కారు వాళ్ల నాన్నగారు కొన్నది. నాలుగేళ్ల కిందట పూర్తిగా విప్పించి తుప్పు తీయించి రంగు వేయించారు. ఇంజన్, గేర్‌బాక్స్, ఆ రెంటినీ కలిపే బెల్ హౌసింగ్ అన్నీ నల్లగా నిగనిగలాడేలా చేయించారు. ఆ తర్వాత కొన్నాళ్లకి సెల్ఫ్ నీరసంగా తిరగడం మొదలైంది. వేరే ఊళ్లో ఒకచోట చూపిస్తే, పాత బెండిక్స్ మోటార్ పని అయిపోయింది, సోలనాయిడ్ అనే అయస్కాంతపు స్విచ్ పైన ఉండే కొత్త రకం వేసేద్దాం అన్నారట. వేశారు. ఆ మోటార్ పొడుగు, బరువు కూడా. తోక, అంటే ఇంజన్‌కి బిగించని కొస, వేలాడుతోందని కింద నుంచి ఒక ఇనుప పట్టీ చేసి ఆనించారు.

అక్కడి నుంచి పద్నాలుగు నెలల్లో రెండు మోటార్లు మారాయి. మొదటిదానికి ముక్కు బుష్, అంటే ఇంజన్ వైపు కొసలో షాఫ్టు తిరిగే కంచు గొట్టం, అరిగిపోయింది. ఇప్పుడున్నది రెండోది. ఈ మధ్యలో ఒకసాయంత్రం శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో బండి ఆగిపోతే, సెల్ఫ్ కర్రుమని గీరడమే తప్ప ఇంజన్ తిరగలేదు. అక్కడున్నవాళ్లు నలుగురు కలిసి తోశారు. మాస్టారికి ఆ నామోషీ ఇంకా మర్చిపోలేనిది. పైగా మాఘమాసంలో మనవరాలి పెళ్లి, పెళ్లికూతురు ఈ కారులోనే రావాలని ఇంట్లో పట్టు. మనకి ఉన్నది తొమ్మిది రోజులు.

బండిని పిట్ మీదికి ఎక్కించి దీపం పెట్టి చూశాను. ఆయిల్ కారుతున్నది వెనక సీలు దగ్గర కాదు. సంప్, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి, దాని అంచుకి కుడివైపు, సరిగ్గా రెండు బోల్టుల దగ్గర నుంచి. ఆ రెండు బోల్టులే మిగతావాటికంటే పొడుగ్గా ఉన్నాయి. వాటి కిందే ఆ పట్టీ బిగించి ఉంది.

పట్టీ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కేసంతా దానిదే. మూడు మి.మీ. మందం, ఇరవై అయిదు మి.మీ. వెడల్పు ఉన్న మామూలు పట్టీ ఇనుము. ఎల్ ఆకారంలో వంచారు. ఒక కొసకి రెండు బొక్కలు వేసి సంప్ బోల్టులకి, రెండో కొసకి సగం రింగు వెల్డింగ్ చేసి మోటార్ ఒంటికి. పైనుంచి ఇంకో సగం రింగు పెట్టి నట్లతో బిగించారు. వెల్డింగ్ అతుకు నిజంగా బాగుంది, చేసినవాడి చేతిలో పని ఉంది. కానీ సంప్ బోల్టులు కార్క్ ప్యాకింగ్‌ని అదిమి పట్టుకోవడానికి ఉన్నవి. వాటికి మోటార్ బరువు తగిలిస్తే, బండి ఊగినప్పుడల్లా ఆ కాస్త మేరా ప్యాకింగ్ నలుగుతుంది. ఆయిల్ కారడానికి కారణం అంతే. ఒక పేషెంటు కాలు నొప్పని వస్తే నడుములో నరం దొరికినట్టయింది.

ఇక మోటార్ ముక్కు వైపు. చదివేవాళ్లలో ఈ పని తెలియనివాళ్లు ఉంటే వాళ్ల కోసం: సెల్ఫ్ మోటార్‌కి పినియన్ అనే చిన్న పళ్ల చక్రం ఉండే వైపుని మేం ముక్కు అంటాం. ముక్కు దగ్గర పోత ఇనుముతోనో అల్యూమినియంతోనో పోసిన బ్రాకెట్ ఉంటుంది. దానికి రెండు చెవులు, చెవికో బోల్టు. ఆ బోల్టులతో మోటార్ ఇంజన్ వెనక ప్లేటుకీ బెల్ హౌసింగ్‌కీ కలిసి బిగుస్తుంది. కార్బన్ బ్రష్‌లు ఉండే రెండో వైపు తోక. అంబాసిడర్ బి-సిరీస్ ఇంజన్‌లో మోటార్ కుడివైపు, డిస్ట్రిబ్యూటర్ కింద, ఆయిల్ ఫిల్టర్ వెనక ఉంటుంది. పైబోల్టుకి పానా పెట్టాలంటే చెయ్యి ఎస్ ఆకారంలో వంగాలి.

కింది చెవి మొదట్లో గోరు తగిలింది. అంటే చర్మానికి తెలిసేంత గీత. మసి వల్ల కంటికి కనబడలేదు. పెట్రోల్‌తో కడిగి ఆరబెట్టి, కిరోసిన్ గుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో మళ్లీ తుడిచేసి, సుద్దముక్క నూరి ఆ పొడి చల్లాను. అయిదు నిమిషాలకి తెల్లటి పొడి మీద తల వెంట్రుకంత నల్లగీత తేలింది. పగుల్లోకి దిగిన కిరోసిన్ మెల్లగా పైకి వచ్చి సుద్దని తడుపుతుంది. పగుళ్లు చూపించే డై పెనెట్రెంట్ స్ప్రేలు అందని రోజుల్లో సాలూరు లారీ షెడ్లలో మా గురువుగారు నేర్పిన పద్ధతి ఇది. ఇవాళ్టికీ నేను స్ప్రే కొనను.

"ముప్పై నాలుగేళ్లు నల్లబల్ల మీద అరగదీశాను గానీ సుద్దకి ఈ విద్య ఉందని తెలీదు," అన్నారు మాస్టారు, పిట్ అంచున గొంతుకు కూర్చుని.

ఇక్కడ చాలామంది ఏం చేస్తారంటే, చెవి పగిలింది కాబట్టి ముక్కు బ్రాకెట్ మార్చేస్తారు. లేదా మోటారే మార్చేస్తారు. ఇంతకుముందు ఒకసారి అదే జరిగింది కూడా. నాకు కావలసింది అది ఎందుకు పగిలిందన్నది. పట్టీని ముట్టుకోకుండా, ముందు ముక్కు బోల్టులు రెండూ మెల్లగా వదులు చేశాను. పట్టీ బిగువుగానే ఉంది. అలా చేయగానే ముక్కు అంచు హౌసింగ్ నుంచి పైవైపు విడిపోయింది, కింద మాత్రం ఆనుకునే ఉంది. సందు కొలిచే ఫీలర్ గేజ్ ఆకులు ఒక్కొక్కటే దూర్చితే 0.7 మి.మీ. దగ్గర సరిపోయింది.

ఆ అంచు ఒక చెవి నుంచి ఇంకో చెవికి సుమారు 95 మి.మీ. ముక్కు నుంచి పట్టీ పట్టుకున్న చోటికి 220 మి.మీ. నేను వేళ్ల మీద లెక్కపెడుతుంటే మాస్టారు ఆగలేకపోయారు. "సరూప త్రిభుజాలు కదయ్యా," అని నేల మీద సుద్దతో గీసేశారు. 95కి 0.7 అయితే 220కి ఎంత? 1.6 చిల్లర. అంటే పట్టీ మోటార్ తోకని ఒకటిన్నర మి.మీ. పైగా దాని స్థానం నుంచి పక్కకి లాగి పట్టుకుని ఉంది. తర్వాత ముక్కు బోల్టులు మళ్లీ బిగించి, తోక పక్కన స్కేలు పట్టుకుని పట్టీ బోల్టు వదులు చేశాం. చివరి మరలో టక్కుమని మోటార్ కదిలింది. షెడ్డులో పని నేర్చుకుంటున్న మా గుంటడు ఒక్క గెంతు వెనక్కి వేశాడు. "అన్నయ్యా, ఇది కదిలిందేటి!" స్కేలు మీద ఒకటిన్నర.

అంటే ఇంతకాలం జరుగుతున్నది ఇది: బిగించినవాడు ముందు పట్టీ బిగించి, తర్వాత ముక్కు బోల్టులతో అంచుని హౌసింగ్‌కి బలవంతంగా దగ్గరకి లాక్కున్నాడు. ఆ బలవంతమంతా కింది చెవి మొదట్లో నిలవుండిపోయింది. పైన ఇంజన్ వణుకు, సెల్ఫ్ కొట్టినప్పుడల్లా దెబ్బ. పోత లోహం వంగదు, పగులుతుంది. తర్వాత ఆ చెవిని విరగ్గొట్టి చూస్తే లోపలి ముఖం రెండు రంగుల్లో ఉంది. ముప్పాతిక వంతు నూనె పీల్చుకుని నల్లగా, మిగతా పావు అప్పుడే విరిగిన చక్కెర బిళ్లలా మెరుస్తూ. ఆ పావు వంతు మీదే మాస్టారి మనవరాలి పెళ్లి ఊరేగింపు ఆధారపడి ఉంది.

తోకకి బ్రాకెట్ వేయడమే తప్పా అంటే కాదు. పినియన్ వెళ్లి ఫ్లైవీల్ అనే పెద్ద చక్రం చుట్టూ ఉండే పళ్ల రింగుని తిప్పేటప్పుడు పళ్ల వాలు వల్ల రింగు పినియన్‌ని పక్కకి నెడుతుంది కూడా. ఆ నెట్టుడు ముక్కు చెవుల మీద పడుతుంది. మోటార్ పొడుగ్గా, బరువుగా ఉంటే తోక ఊగుడు కూడా వాటిమీదే. అందుకే కొన్ని ఇంజన్లకి కంపెనీయే తోక బ్రాకెట్ ఇస్తుంది. అమెరికా షెవర్లే వీ8 ఇంజన్లలో మోటార్‌ని కింద నుంచి రెండు నిలువు బోల్టులతో సిలిండర్ బ్లాకుకి బిగిస్తారు, తోక నుంచి బ్లాకు పక్కకి ఒక చిన్న పట్టీ ఉంటుంది. మోటార్ దించినవాళ్లు చాలామంది ఆ పట్టీ పెట్టడం మానేస్తారు, కొన్నాళ్లకి ముక్కు పగులుతుంది. ఆ రెండు బోల్టులు కూడా మామూలువి కావు. మెడ దగ్గర గీతలు చెక్కి ఉంటాయి, బొక్కలో బిర్రుగా కూర్చుని మోటార్‌ని కదలనివ్వకుండా చూస్తాయి. ఆ సైజే కదా అని బజారు బోల్టు వేస్తే మోటార్ సందు మేర జరుగుతుంది, పళ్లు తినేస్తుంది. అక్కడ పట్టీ లేక పగిలేది, ఇక్కడ పట్టీ ఉండటం వల్ల పగిలింది.

అంబాసిడర్‌కి వచ్చిన అసలు మోటార్ పొట్టిది. రెండు బోల్టులే, తోకకి ఏ ఆధారమూ లేదు, అవసరమూ లేదు.

ఇక్కడిదాకా నేను తెలివైనవాణ్ననే అనుకున్నాను. పట్టీ తీసి పక్కన పడేసి, ముక్కు బోల్టులు బిగించి, పగుళ్ల చెవి ఒకటి రెండుసార్లు ఓర్చుకుంటుందిలే అని సెల్ఫ్ కొట్టించాను. పళ్లలో పడటం మెరుగైంది. కానీ మోటార్ మూలిగింది. నిన్నటికంటే నీరసంగా తిరిగింది.

"చూశావా, ఆ పట్టీ ఉంటేనే బలం," అన్నారు మాస్టారు. మా గుంటడు కూడా తల ఊపాడు. నిజం చెప్పాలంటే నాకు టెన్షన్ వచ్చింది. పట్టీకీ మోటార్ వేగానికీ సంబంధం ఏమిటి? బ్యాటరీ మీద అనుమానపడి ఒక పావుగంట వృథా చేశాను. బ్యాటరీ బాగానే ఉంది, సెల్ఫ్ కొడుతుంటే 10.4 వోల్టులు నిలబడుతోంది. పెద్ద కేబుల్, సోలనాయిడ్ వైపు అరవోల్టు కంటే తక్కువే పోతోంది. అప్పుడు మీటర్ ఒక కొస బ్యాటరీ నెగెటివ్ మీద, రెండో కొస మోటార్ ఒంటి మీద పెట్టి కొట్టించాను. 1.1 వోల్టులు.

అక్కడ వెలిగింది. సెల్ఫ్ మోటార్‌కి పెద్ద వైరు ఒక్కటే వెళ్తుంది. తిరుగు వైరు ఉండదు. కరెంటు మోటార్ ఒంట్లోంచి ముక్కు అంచుకి, అక్కడ నుంచి హౌసింగ్‌కి, ఇంజన్‌కి, ఎర్త్ పట్టీ మీదుగా బ్యాటరీకి చేరాలి. క్లాంప్ మీటర్‌లో ఈ బండి సుమారు 190 ఆంపియర్లు లాగుతోంది. అంత కరెంటుకి ముక్కు అంచే రోడ్డు. ఆ రోడ్డు మీద నాలుగేళ్ల కిందట రెండు కోట్ల రంగు వేశారు! బోల్టుల మరల్లోంచి దూరినంత దూరుతోంది, మిగతాదంతా ఈ పట్టీలోంచి సంప్ బోల్టుల మీదుగా వెళ్తోంది. పట్టీని తీసి సగం రింగు లోపలివైపు చూస్తే మోటార్ ఒంటికి తగిలిన మూడుచోట్ల నీలం మచ్చలు, వెల్డింగ్ పక్కన పడే రంగు లాంటివి. తిరిగి తాత్కాలికంగా ఆనించి కొలిస్తే 0.3 వోల్టులకి దిగింది.

కాబట్టి పట్టీ చెవి విరుస్తోంది, అదే పట్టీ కరెంటు కూడా మోస్తోంది. మాస్టారు చెప్పినదాంట్లో నిజం ఉంది. మొదట్లో పాత మోటార్ నీరసపడిందని మార్పించారు చూశారా, దానికీ కారణం బహుశా ఈ రంగే. మోటార్ బాగానే ఉండి ఉంటుంది. "పాత మోటార్ పారేశారా?" అని అడిగాను భయంభయంగా. అటక మీద గోనెసంచిలో ఉందన్నారు. పాత సామాను పారెయ్యని ఇళ్లంటే నాకు గౌరవం.

మోటార్ పూర్తిగా దించాక ఆ బొక్కలోంచి టార్చి వేసి, హ్యాండిల్‌తో ఇంజన్ మెల్లగా తిప్పుతూ రింగు పళ్లు మొత్తం చూశాను. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఆపినప్పుడు ఎక్కువగా రెండే చోట్ల ఆగుతుంది, ఎదురెదురుగా. కాబట్టి రింగు అరుగుడు కూడా ఆ రెండు చోట్లే ఎక్కువ. ఇక్కడా అంతే, కానీ అరిగిన తీరు వేరు. పళ్ల వెడల్పులో ఇంజన్ వైపు అంచు మాత్రమే ఉలితో చెక్కినట్టు మొద్దుబారింది. గేర్‌బాక్స్ వైపు అంచు చక్కగా, ఏటవాలు చెక్కుడుతో సహా, కొత్తదానిలా ఉంది.

ఇందులో ఒక పాఠం ఉంది, చాలామంది పట్టించుకోరు. పాత బెండిక్స్ రకంలో షాఫ్టు మీద మరలాంటి గాడి ఉంటుంది. కరెంటు ఇవ్వగానే షాఫ్టు ఒక్కసారిగా తిరుగుతుంది, బరువు వల్ల పినియన్ వెనకబడుతుంది, ఆ వెనకబాటులోనే గాడి మీద జరిగి రింగులో పడుతుంది. ఇంజన్ అందుకోగానే రింగు దాన్ని మోటార్ కంటే వేగంగా తిప్పి బయటికి విసిరేస్తుంది. ఈ బండి అసలు మోటార్‌లో పినియన్ షాఫ్టు కొసన, ఫ్లైవీల్ అవతల కూర్చుని, పని పడినప్పుడు మోటార్ వైపుకి వస్తుంది. సోలనాయిడ్ రకంలో ఫోర్కు పినియన్‌ని మోటార్ వైపు నుంచి బయటికి తోస్తుంది, పళ్లలో పడ్డాకే పెద్ద కరెంటు వదులుతుంది. అంటే రెండూ రింగులోకి ఎదురెదురు దిక్కుల నుంచి వస్తాయి. పినియన్ ఏ వైపు నుంచి వస్తుందో పళ్లకి ఆ వైపే ఏటవాలు చెక్కుతారు, సులువుగా దూరాలని. ఈ రింగు పాత మోటార్ కోసం చెక్కింది. కొత్త మోటార్ రోజూ మొద్దు అంచుని గుద్దుకుంటోంది. పైగా తోక వంకర వల్ల పినియన్ పళ్లు రింగు పళ్లకి సమాంతరంగా లేవు. ఇలా తప్పులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటే బయటికి వినిపించేది ఒకటే చప్పుడు: కర్ర్.

మాస్టారికి రెండు దారులు చెప్పాను. సోలనాయిడ్ మోటారే కావాలంటే గేర్‌బాక్స్ దించి, ఫ్లైవీల్ విప్పి, రింగు కాచి ఊడదీసి తిప్పి వేయాలి, కొత్త ముక్కు బ్రాకెట్ వెతకాలి, తోకకి సరైన బ్రాకెట్ చెయ్యాలి. లేదా అటక మీది మోటార్ దింపాలి. "పెళ్లి తొమ్మిదో రోజు," అన్నారాయన. అటకే గెలిచింది.

గోనెసంచిలోంచి వచ్చిన మోటార్ మీద లూకాస్-టీవీఎస్ ప్లేటు ఇంకా ఉంది. విప్పితే లోపల కార్బన్ బ్రష్‌లు సగం ఉన్నాయి, బుష్‌లు వదులు, బెండిక్స్ గాడిలో జిగట. ఎవరో గ్రీజు పెట్టారు. ఆ గాడికి గ్రీజు పెడితే క్లచ్ దుమ్ము అంటుకుని పిండిలా ముద్దకడుతుంది, పినియన్ జరగదు. కిరోసిన్‌తో కడిగి పొడిగా వదిలేయాలి. బుష్‌లు కలకత్తా మల్లిక్ బజార్ నుంచి తెప్పించినవి నా దగ్గర ఉన్నాయి. ఈ కంచు బుష్‌లు నూనె పీల్చుకునే రకం, బిగించేముందు ఇంజన్ ఆయిల్‌లో ఒక రోజంతా నానబెట్టాలి. టిఫిన్ డబ్బాలో నానబెట్టాను, మా ఇంట్లో దానికి వేరే గొడవ.

బ్రష్‌లు రాసుకునే రాగి ముక్కల కమ్యుటేటర్‌ని లేత్ మీద పలచగా నునుపు చేయించాం. మా గుంటడు హాక్సా బ్లేడు ముక్క తీసుకుని రాగి ముక్కల మధ్య మైకాని గీరడానికి కూర్చున్నాడు. డైనమో నేర్చుకున్న చెయ్యి అది. డైనమోకి గీరాలి, ఈ స్టార్టర్‌కి గీరకూడదు. గీరితే ఆ సందుల్లో కార్బన్ పొడి, రాగి పొడి చేరి షార్ట్ అవుతుంది. చెయ్యి పట్టుకుని ఆపాను.

బిగింపు పనికి పట్టిన సమయం అరగంట, దానికి ముందు గీరుడుకి పట్టింది రెండు గంటలు. వెనక ప్లేటు మీద, మోటార్ అంచు మీద, బోల్టు తలలు ఆనే చోట, రంగు మొత్తం తీసి లోహం మెరిసేదాకా గీకాం. కరెంటు దాటే ముఖాల మీద ఒక్క చుక్క రంగు ఉండకూడదు. బయటి అంచున మాత్రం బిగించిన తర్వాత పలచగా గ్రీజు రాశాను, మన తీరప్రాంతపు గాలికి తుప్పు త్వరగా పడుతుంది. బోల్టుల కింద పళ్ల వాషర్లు. రెండు బోల్టులూ చేత్తో ఆనేదాకా తిప్పి, ఫీలర్ గేజ్‌లో అన్నిటికంటే పలచని ఆకు చుట్టూ ఎక్కడా దూరడం లేదని చూసి, అప్పుడు ఒకటి మార్చి ఒకటి బిగించాను. గేర్‌బాక్స్ నుంచి చాసిస్‌కి ఉన్న ఎర్త్ పట్టీ కూడా ఊడదీసి గీకి పెట్టాం. సంప్‌కి కొత్త కార్క్ ప్యాకింగ్, ఆ రెండు పొడుగు బోల్టుల స్థానంలో అసలు సైజువి.

ఈ బండికి మోటార్ నుంచి విడిగా ఉన్న సోలనాయిడ్ స్విచ్ మీద రబ్బరు టోపీ ఉన్న బటన్ ఉంది, బానెట్ దగ్గర నిలబడే సెల్ఫ్ కొట్టొచ్చు. నొక్కాను. ఖణేల్మని ఒకే దెబ్బ, ఆ వెంటనే ఇంజన్. బెండిక్స్ మోటార్‌కి ఆ ఖణ్ చప్పుడు ఉండాలి, అది రోగం కాదు. మోటార్ ఒంటి నుంచి నెగెటివ్‌కి 0.1 వోల్టు. మాస్టారు ఆ అంకెని కళ్లద్దాలు పైకెత్తి చూసి, జేబు డైరీలో 1.1 కింద రాసుకున్నారు.

తోక బ్రాకెట్ తప్పనిసరి అయిన బండి ఒకటి ఆ తర్వాతి నెలలోనే వచ్చింది, సాలూరు నుంచి. పాత జీపు, డీజిల్ ఇంజన్ మార్పిడి చేసినది. మోటార్ మోచేయంత పొడుగు, తోక గాల్లో ఊగుతోంది. మాస్టారి కారు బుర్రలో తాజాగా ఉండటం వల్ల దీని మీద రెండింతలు జాగ్రత్త తీసుకున్నాను. ఆధారం చాసిస్ నుంచి తీసుకోకూడదు. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద ఊగుతుంది, చాసిస్ ఊగదు, మధ్యలో మోటార్ నలుగుతుంది. సంప్ అంచు నుంచి అసలే కాదు. ముక్కు ఏ ఇంజన్‌కి బిగిసిందో, ఆ ఇంజన్ బ్లాకు మీదే ఖాళీగా ఉన్న మర బొక్క చూసుకున్నాం. ఆరు మి.మీ. ప్లేటు కోసి, మూల దగ్గర ఒక చిన్న త్రికోణం ముక్క అతికించి, బొక్కల్ని గుండ్రంగా కాకుండా నిలువుగా, అడ్డంగా పొడుగు బొక్కలుగా వేయించాం. ముందు ముక్కు బోల్టులు పూర్తిగా బిగించాం. తర్వాత బ్రాకెట్ బోల్టులు వదులుగా వేసి, ఇంజన్ స్టార్ట్ చేసి ఆపి, వేడెక్కాక మళ్లీ చూసి, మోటార్ తనంతట తాను ఎక్కడ నిలబడిందో అక్కడే బ్రాకెట్ ఆనేలా సందు మిగిలినచోట పలచని రేకు పెట్టి, అన్నిటికంటే చివర బిగించాం. పరీక్ష ఏమిటంటే, బిగించాక బ్రాకెట్ బోల్టు మళ్లీ వదులు చేస్తే తోక వీసమెత్తు కూడా కదలకూడదు. టక్ మంటే మళ్లీ మొదటికి. మాకు రెండోసారికి కుదిరింది. మొదటిసారి అర మి.మీ. లాగింది.

బ్రాకెట్ అంటే పట్టుకునేది అనుకుంటారు. తోక బ్రాకెట్ పట్టుకోకూడదు, ఆసరా ఇవ్వాలి. ముసలాయన చేతికర్రలాగ, ఆయన్ని ఎటో లాక్కుపోయేలా ఉండకూడదు.

మాస్టారి కారు పెళ్లికి బంతిపూలతో వెళ్లింది. ఎక్కడా ఆగలేదట, ఏడు రోడ్ల కూడలిలో కావాలని ఒకసారి ఆపి మళ్లీ స్టార్ట్ చేశారట, ఆ మాట చెప్పి తనే నవ్వారు. ఎనిమిది నెలల తర్వాత తనిఖీకి పిలిచాను. ముక్కు అంచు చుట్టూ గేజ్ దూరలేదు, కొలిస్తే 0.1 వోల్టే. సంప్ పొడిగా ఉంది.

రింగు మాత్రం అలాగే ఉంది. ఇంజన్ వైపు అంచు చెడిన పళ్లు రెండు చోట్లా అలాగే ఉన్నాయి. పాత మోటార్ అవతలి వైపు నుంచి వస్తుంది కాబట్టి పని జరుగుతోంది గానీ, ఎప్పుడైనా క్లచ్ ప్లేటుకి గేర్‌బాక్స్ దింపితే రింగు కొత్తది వేయాలని డైరీలో రాయించాను. అంతవరకు ఎప్పుడో ఒకసారి గీరినా కంగారు పడొద్దని, గేరు వేసి బండిని అడుగు ముందుకి కదిపి మళ్లీ కొట్టమని చెప్పాను. ఆ పట్టీ ఇంకా నా షెడ్డులోనే ఉంది. మాస్టారు అడగలేదు, నేను ఇవ్వలేదు. కొత్తగా పనికి వచ్చిన కుర్రాళ్లకి నీలం మచ్చలు చూపించడానికి పనికొస్తోంది.